కోయిటకు పోయినామెను కాదు, ఇంట్లో ఉన్న మనల్ని అడగండి



ఈసారి వరి గురించి కాదు, మామిడి పూత గురించీ కాదు. పోస్టు పొడుగ్గా ఉంటాది. నాట్ల పని ముగించుకోని, రాత్రి అన్నం తిన్నాక చదవండి. కోపం వస్తే రానీయండి. రాసేటప్పుడు నాకూ వచ్చింది.

మొన్న సంక్రాంతి అయిన మరసటి దినం మన సత్యవేడు పక్కనే ఒక ఊర్లో రచ్చబండ కాడ కూర్చున్నాం. ఊరి పేరు రాయను, మనిషి పేరూ రాయను. ఆయన భార్య కువైట్‌లో ఇంటి పని చేస్తా ఉంది, మూడేండ్లయింది. వాళ్ళ పాప టెన్త్. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. పిల్ల ఈ నెల మొదలు బడికి పోవడం లేదంట. ఏమయ్యా అని అడిగితే, "మాఘంలో పెండ్లి అనుకుంటా ఉండాం, వాళ్ళమ్మ లేదు కదా, ఎంత కాలమని కాపలా కాసేది" అన్నాడు. పిల్లకు పదహారు నిండలేదు. అక్కడున్న పది మందిలో తొమ్మిది మంది తల ఊపినారు. ఒక పెద్దాయన అన్నాడు, "ఆడది గడప దాటి సముద్రం దాటిపోతే ఇల్లు ఇట్లే అవుతాది" అని.

ఆ మాట నాకు తగిలింది. ఎందుకంటే పదిహేనేండ్ల కింద ఇదే మాట నేనూ అన్నాను. నా ఇంట్లోనే అన్నాను. అందుకే ఈ పోస్టు.

ముందు ఒక ప్రశ్న. మన ఊర్లలో ఎంత మంది మగవాళ్ళు ఇంటికి దూరంగా బతకతా ఉండారు? లారీ డ్రైవర్లు ఎంత మంది? మద్రాసులో మేస్త్రీ పనికి పోయి నెలకొకసారి ఊత్తుకోట బస్సు దిగేవాళ్ళు ఎంత మంది? కోయంబేడులో మూటలు మోసేవాళ్ళు? మిలిటరీలో ఉండేవాళ్ళు? వాళ్ళ ఇండ్లు "ఇట్లే అయినాయి" అని ఏ రచ్చబండ మీదైనా ఎవరైనా అన్నారా? ఆ ఇంట్లో తల్లి చేను చూస్తాది, పాలు పిండతాది, పిల్లోళ్ళను బడికి పంపతాది, అత్తను ఆస్పత్రికి తీసకపోతాది. తండ్రి లేడని ఒక్క పాపకైనా బడి మాన్పించినారా? అదే తల్లి పోతే మాత్రం ఆరు నెలల్లో ఇల్లు కూలిపోతాది. అంటే పోయినామె తప్పా, ఉన్నోడి చేతకానితనమా?

తిట్టేది నన్ను నేనే తిట్టుకోని మొదలు పెడతాను.

2010లో మా ఇంటామె పోయింది. మూడు బోర్లు వేసినాను, రెండు ఎండిపోయినాయి, మూడోదాంట్లో ఇంచి నీళ్ళు కూడా నిలవలేదు. చెనిక్కాయ ఒక సంవత్సరం వానలేక పోయింది, ఒక సంవత్సరం వానెక్కువై చేలోనే మొలకెత్తింది. బయట అప్పు, నూటికి రెండు రూపాయల వడ్డీ. మా ఇంటామెకు రైల్వే కోడూరు వైపు బంధువులు ఉండారు. ఆ వైపు, రాజంపేట, రాయచోటి వైపు, ఇంటికొకరు కువైట్‌లో ఉంటారు, మీకు తెలిసిందే. మన సత్యవేడు వైపు అంత లేదు. "నేను పోతాను" అని ఆమే అనింది. నేను వద్దనలేదు. వద్దనే మొఖం నాకు లేదు. అప్పుడు ఆమెకు 34 ఏండ్లు, పెద్దపాప ఎనిమిదో తరగతి, చిన్నోడు ఐదో తరగతి.

ఆ రోజుల్లో కువైట్ దినారు మన రూపాయల్లో 160 దరిదాపు. ఆమెకు మొదటి జీతం 50 దినార్లు. రెండేండ్ల తర్వాత ఒకసారి వచ్చి పోయింది, మళ్ళీ పోయినప్పుడు 65 దినార్లు ఇచ్చినారు. 2014 చివర్లో తిరిగొచ్చేసింది. ఆమె పంపిన ప్రతి రూపాయీ నేను ఒక నోటుబుక్కులో రాసినాను. ఆ బుక్కు ఇప్పుడు కూడా ఉంది. చూసి రాస్తా ఉన్నా.

మొత్తం పంపింది 4 లక్షల 70 వేలు. బయటి అప్పు, వడ్డీ కలిపి 2 లక్షల 60 వేలు. ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు 50 వేలు. ఇంటి పైకప్పు 70 వేలు. పాప పెద్దమనిషి అయినప్పుడు ఫంక్షను 32 వేలు. నాకు సెకండ్ హ్యాండ్ బైకు 38 వేలు. కూడితే నాలుగున్నర లక్షలు. మిగిలిన 20 వేలు ఎక్కడ పోయిందో బుక్కులో రాసుకోలేదు. రాయకపోయినా మీకు తెలుసు, సాయంత్రమైతే మనం యాడ కూర్చుంటామో.

ఆ బైకు సంగతి చెప్పాల. అప్పు ఇంకా లక్షకు పైన ఉండగానే కొన్నాను. "చేనుకు పోయేదానికి" అని ఆమెకు ఫోనులో చెప్పినాను. చేను ఇంటి నుంచి అర కిలోమీటరు.

ఇప్పుడు పాప సంగతి.

వాళ్ళమ్మ పోయిన ఏడాదిన్నరకు పాప పెద్దమనిషి అయింది. పొద్దున్నే నేను మోటరు కాడికి పోయి తిరిగొచ్చేసరికి పిల్ల ఇంటి మూల కూర్చోని ఏడస్తా ఉంది. ఏమని అడిగితే చెప్పదు. నాకు అర్థం కాలేదు, చదువు మానేదానికి నాటకం అనుకోని అరిచినాను. పక్కింటి అక్క వచ్చి చూసి నన్ను బయటికి పంపింది. ఆ రోజు వాళ్ళమ్మకు చెప్పాలంటే ఆ ఇంట్లో ఫోను ఎప్పుడు చేతికిస్తారో తెలీదు. ఇప్పటి మాదిరి ఐమో కాల్ లేదు. నాలుగు రోజులకు ఆమే చేసింది. నేను చెప్పినాను. అవతల మాట లేదు. "బ్యాలెన్సు అయిపోతాది, పాపకు ఇయ్యి" అనింది. పాప ఫోను పట్టుకోని ఏం మాట్లాడిందో నేను వినలేదు, బయటికి వచ్చేసినాను.

ఫంక్షను ఘనంగా చేసినాను. 32 వేలు. తల్లి లేని ఫంక్షను అని ఎవరూ అనకూడదని రెండు రకాల స్వీటు పెట్టినాను. భోజనాలు చేసినవాళ్ళే చెయ్యి కడుక్కుంటా అన్నారు, "ఇంక బడి ఎందుకప్పా, తల్లి లేని ఇల్లు, ఈడొచ్చిన పిల్ల" అని. మా అమ్మకు అప్పటికే చూపు ఆనదు. అన్నం వండాల, చిన్నోడిని చూడాల, రెండు ఆవులు. తొమ్మిదో తరగతి సగంలో నేను పాపను మాన్పించినాను. ఆ పిల్ల ఒక్క మాట ఎదురు చెప్పలేదు. సార్ ఒకాయన ఇంటికి వచ్చి అడిగినాడు, ఆయనకు కాఫీ ఇచ్చి పంపించేసినాను.

వాళ్ళమ్మకు ఎనిమిది నెలలు చెప్పలేదు. లీవుకు వచ్చినప్పుడు తెలిసింది. ఆమె నన్ను తిట్టలేదు. "నేను అక్కడ వాళ్ళ పిల్లోళ్ళకు టిఫిన్ డబ్బా కట్టి బడికి పంపతా ఉన్నాను" అనింది, అంతే.

ఆ పాపకు ఇప్పుడు ఇరవై తొమ్మిది. ఇద్దరు పిలకాయలు. మన పక్కనే శ్రీసిటీ ఉంది కదా, 2008లో మొదలైంది, మన సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల భూముల్లోనే. ఊర్లో ఆమె జతగాళ్ళు టెన్త్, ఇంటరు అయినవాళ్ళు కంపెనీ బస్సు ఎక్కి డ్యూటీకి పోతారు. మా పాప కూడా పోయి అడిగింది. టెన్త్ సర్టిఫికెట్ అడిగినారు. లేదు. ఇప్పుడు క్లీనింగ్ పనిలో ఉంది. పనిలో తక్కువేమీ లేదు, నేనూ పేడ ఎత్తేవాణ్ణే. ఆమెతో కూర్చోని చదివిన పిల్ల అదే గేటులో మెడలో ఐడీ కార్డు వేసుకోని లోపలికి పోతా ఉంటే, మా పాప అదే గేటులో చీపురు పట్టుకోని ఉంటాది. ఆ మధ్య తేడా నా నిర్ణయం. వాళ్ళమ్మ కువైట్ పోవడం కాదు.

"తల్లి లేక పిల్లోళ్ళు చెడిపోయినారు" అంటాం మనం. మా చిన్నోడికీ తల్లి లేదు కదా. వాడిని నేను మాన్పించలేదు. డిగ్రీ చదివినాడు. ఇద్దరికీ ఒకే తల్లి, ఒకే కువైట్, ఒకే ఇల్లు. ఒకరికి సర్టిఫికెట్, ఒకరికి చీపురు.

ఇంకొక విషయం చాలా మందికి తెలియదు, దయచేసి బాగా చదవండి. టెన్త్ పాసు కాని వాళ్ళకు పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని వేస్తారు. అంటే కువైట్, సౌదీ లాంటి దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వం దగ్గర ముందుగా అనుమతి తీసుకోవాల. ఆ పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్ళకు 30 ఏండ్లు నిండకపోతే ఇంటి పనికి అనుమతి రాదు. ఇది మంచికే పెట్టిన నిబంధన. దీన్ని తప్పించుకోవడానికే కొంత మంది ఏజెంట్లు "విజిట్ వీసా మీద పో, అక్కడ మార్చుకోవచ్చు" అంటారు. అట్లా పోయినామెకు అక్కడ కష్టమొస్తే మన ఎంబసీ దగ్గర కాగితమే ఉండదు. ఇప్పుడు ఆలోచించండి. తల్లి టెన్త్ లేక ఈసీఆర్ పాస్‌పోర్టుతో పోయింది. ఆమె లేదని పాపను టెన్త్ కాకముందే మాన్పిస్తే, పదిహేనేండ్లకు ఆ పాప చేతిలో కూడా అదే పాస్‌పోర్టు. ఎవరికి అప్పు తీర్చడానికి పోయింది తల్లి? పాప మళ్ళీ పోవడానికా?

నేను కువైట్ పొమ్మని చెప్పడం లేదు. అక్కడ జరిగేది చిన్న కష్టం కాదు. మా ఇంటామెకు మొదటి ఇంట్లో పొద్దున ఐదుకు లేస్తే రాత్రి పన్నెండు. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే. వాళ్ళ చట్టం ఇప్పుడు ఏం చెబుతాదంటే, 2015లో ఇంటి పనివాళ్ళ కోసం కువైట్ ఒక చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి నెల రోజులు జీతంతో సెలవు, పని మానేటప్పుడు ఏడాదికొక నెల జీతం లెక్కన డబ్బు. పనిమనిషి ఒప్పుకుంటే తప్ప పాస్‌పోర్టు యజమాని పెట్టుకోకూడదు. మా ఆమె వచ్చేసిన తర్వాత వచ్చింది ఆ చట్టం. కాగితం మీద ఉండేది తలుపు వెనక ఎంత జరుగుతాదో వేరే విషయం. కానీ అది ఉందని మన ఆడవాళ్ళకు తెలిసి పోవాల కదా? ఎంత మంది భర్తలు భార్యను ఎయిర్‌పోర్టులో దించే ముందు ఈ నాలుగు మాటలు చెప్పి పంపినారు? నేను చెప్పింది "జాగ్రత్త, డబ్బు ఏ నెలకు ఆ నెల పంపు" అని.

ఫిలిప్పీన్స్ అనే దేశం నుంచి కూడా ఆడవాళ్ళు మన కంటే ఎక్కువగా ఇంటి పనికి పోతారు. 2018లో కువైట్‌లో వాళ్ళ అమ్మాయి శవం ఫ్రీజర్లో దొరికితే ఆ దేశం మనుషుల్ని పంపడమే ఆపేసింది. ఆ ఏడాది మే నెలలో కువైట్ వాళ్ళతో ఒప్పందం రాయించుకోని, పనివాళ్ళ పాస్‌పోర్టు, ఫోను వాళ్ళ దగ్గరే ఉండాలని ఒప్పించినాకే మళ్ళీ పంపడం మొదలు పెట్టింది. మన దేశం కూడా 2021 జూన్‌లో ఇంటి పనివాళ్ళ గురించి కువైట్‌తో ఒప్పందం చేసుకుంది. దాని గురించి మన రచ్చబండ మీద ఎప్పుడైనా మాట వచ్చిందా? ఆ ఇంటామె ఎవరితో ఫోను మాట్లాడుతుందో మాత్రం గంట సేపు మాట్లాడతాం.

అవును, ఆ మాట కూడా చెప్పాల. పోయినామె మీద పుకార్లు. మా ఇంటామె మీద కూడా వచ్చినాయి. చెప్పినవాళ్ళలో ఇద్దరు నా దగ్గర ఆమె పంపిన డబ్బే చేబదులు తీసుకున్నవాళ్ళు. ఆ డబ్బుకు మచ్చ లేదు, మనిషికి మాత్రం ఉందంట. గుడికి మైకు సెట్టు కావాలంటే "కోయిట వాళ్ళింటికి పోండి" అంటారు. వినాయక చవితి చందా బుక్కు ముందు ఆ ఇంటికే వస్తాది. పెండ్లి సంబంధం దగ్గర మాత్రం "తల్లి కోయిటలో ఉందంట" అని గొంతు తగ్గించి చెబుతారు.

ఇంక మీరు అడిగే ప్రశ్నలు నాకు తెలుసు. నేనూ అడిగినవే. "నువ్వు చెప్పడానికేముంది, ఇంట్లో ఆడమనిషి లేకుండా ఈడొచ్చిన పిల్లను పెట్టుకోని రాత్రి చేనుకు నీళ్ళు కట్టను పోవాలంటే ఎట్లా?" నిజమే. మా కాలంలో కరెంటు అర్ధరాత్రి వచ్చేది, పిల్లల్ని ఇంట్లో పెట్టి తాళం వేసి పోయినాను. భయం భయమే, దాన్ని నేను ఎగతాళి చేయను. కానీ దానికి మందు పెండ్లా? కస్తూర్బా బడులు ఉండాయి, ఆడపిల్లలకు హాస్టలుతో సహా ఉచితం, ఆరు నుంచి పన్నెండు దాకా. సాంఘిక సంక్షేమ గురుకులాలు ఉండాయి. అవి దొరకలేదా, మీ అక్కో చెల్లెలో ఏ ఊర్లో ఉందో ఆ ఊర్లో బడికి వేయండి. పక్కింటి అక్కకు నెలకు రెండు వేలు ఇచ్చి రాత్రిపూట తోడు పెట్టండి. కువైట్ నుంచి నెలకు పాతిక వేలు వస్తా ఉంటే రెండు వేలు ఎక్కువా? ఆ రెండు వేలు సాయంత్రాల్లో ఎన్ని రోజులకు వస్తాదో మనకు తెలియదా?

ఇంకొకటి అంటారు, "మగోడు అన్నం వండతాడా" అని. మా ఇంట్లో అద్దెకు బీహారు పిల్లగాళ్ళు ఉండారు, శ్రీసిటీలో పని. నలుగురు. ఒకడు రొట్టె ఒత్తుతాడు, ఒకడు కాలుస్తాడు, ఒకడు బట్టలు ఉతుకుతాడు. వాళ్ళల్లో ఒకడికి ఊర్లో మూడేండ్ల బిడ్డ. రాత్రి ఎనిమిదికి ఫోనులో ఆ బిడ్డకు కూర కలిపిన ముద్ద చూపించి, నువ్వూ తిను అంటాడు. అవతల వాళ్ళమ్మ ముద్ద పెడితే గానీ ఆ బిడ్డ తినదంట, ఇవతల నాన్న తింటేనే. నేను వాకిట్లో మంచం మీద పడుకోని రోజూ వింటాను. భాష రాదు, అర్థమవుతాది. ఇంటికి దూరంగా ఉండే తండ్రి అన్నం వండుకోని, బిడ్డకు తినిపిస్తా ఉండాడు. ఇంట్లోనే ఉండే తండ్రినైన నేను పద్నాలుగేండ్ల పిల్ల చేతికి గరిటె ఇచ్చినాను.

నాకు అప్పుడు జడ వేయను రాదు. బడికి జడ వేసుకోని రాలేదని టీచరు అంటే పాప జుట్టు కత్తిరించుకోని వచ్చింది ఒకసారి. నేను దానికీ తిట్టినాను. ఇప్పుడు మనవరాలికి నేనే రెండు జడలు వేస్తాను, రిబ్బను కూడా కడతాను. వారం రోజుల్లో వచ్చింది ఆ విద్య. యాభై దాటినాక నేర్చుకున్నా. నలభైలో ఎందుకు రాలేదో ఆలోచిస్తే రాత్రి నిద్ర పట్టదు.

డబ్బు గురించి కూడా ఒక మాట. సర్కారు బడి డబ్బు తల్లి ఖాతాలో వేస్తాది. అమ్మఒడి అన్నారు, 2020 జనవరిలో మన చిత్తూరులోనే మొదలు పెట్టినారు. ఇప్పుడు తల్లికి వందనం అంటా ఉండారు. తల్లి పేరు మీద ఎందుకేస్తారో మనకందరికీ తెలుసు, నవ్వుకుంటాం కూడా. కానీ తల్లి కువైట్‌లో, ఏటీఎం కార్డు భర్త జేబులో. కార్డు మీ దగ్గరుంటే తప్పు లేదు, తీసిన ప్రతి రూపాయీ ఆమెకు ఫోనులో లెక్క చెప్పండి. అసలు ఆమె పేరు మీద ఇంకొక ఖాతా తెరిచి, నెలకు ఇంత అని దాంట్లో పెట్టండి, దాని కార్డు ఎవరి దగ్గరా వద్దు. మా ఆమె నాలుగున్నరేండ్లు కష్టపడి వచ్చినాక ఆమె పేరు మీద ఉన్నది సున్నా. పైకప్పు కూడా నా పేరు మీద ఉన్న ఇంటి మీదే ఉంది.

పోవాలనుకునేవాళ్ళు ఉంటే, రిజిస్టరైన ఏజెంటు ద్వారానే పోండి. ఏజెంటు ఫీజు 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది, రెండేండ్లకు 275 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే 10 లక్షలు. ఈసీఆర్ మీద పోయేవాళ్ళకు అది తప్పనిసరి. విజిట్ వీసా మీద పంపితే ఇదేదీ ఉండదు.

ఇప్పుడు రచ్చబండ కాడికి తిరిగొస్తాను.

ఆ పాప పెండ్లి గురించి చట్టం ఏం చెబుతాదో కూడా రాస్తా ఉన్నా, తర్వాత నాకు తెలియదు అనకండి. 2006 బాల్య వివాహాల చట్టం. పిల్లకు 18, పిల్లోడికి 21 నిండాల. చేసిన తండ్రికే కాదు, చేయించిన పెద్దలకు, మంత్రం చదివిన అయ్యవారికి, తెలిసి పోయి పీటల ముందు కూర్చున్నవాళ్ళకు కూడా రెండేండ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడొచ్చు. ఆ రోజు తల ఊపిన తొమ్మిది మందీ ఈ పోస్టు చదవతారని నాకు తెలుసు.

ఆ తండ్రి చెడ్డోడు కాదు. నాకు నలభై ఏండ్లలో ఎట్లా ఉండిందో ఆయనకు ఇప్పుడు అట్లా ఉంది. మోటరు, చేను, వంట, పిల్ల, ఊరి మాటలు. ఆయనకు పక్కన నిలబడేవాళ్ళు కావాల. నాకు అప్పుడు ఎవరూ నిలబడలేదు, అందరూ భోజనానికి వచ్చినారు.

నిన్న వాళ్ళ భార్యతో ఐమోలో మాట్లాడినాను. మా ఇంటామే నెంబరు తెచ్చింది. ఆమెకు పెండ్లి మాట సగమే తెలుసు. "పరీక్షలు అయినాక చూస్తాం అన్నాడే" అనింది. ఇంక నేను ఏం మాట్లాడేది. ఫోను మా ఇంటామెకు ఇచ్చేసినాను. వాళ్ళిద్దరూ గంట సేపు మాట్లాడుకున్నారు.

హెడ్మాస్టరును కూడా కలిసినాను. పిల్ల పేరు రిజిస్టరులో తీసేయలేదంట, వస్తే పరీక్ష రాయొచ్చు అన్నాడు. చదవాల్సింది రెండు నెలలు కూడా లేదు. రాత్రి తోడుకు మా ఇంటామె పోయి పడుకుంటాను అంటా ఉంది. చేనుకు నీళ్ళు కట్టే పని ఉంటే మార్చి దాకా నేను కడతాను, ఆ చేను మా చేను పక్కనే.

రేపు పొద్దున ఏడు గంటలకు ఆయన ఇంటికి పోతా ఉన్నాం, నేనూ మా ఇంటామె. మంచి మాటగా చెబుతాం. వింటే సరే. వినకపోతే బయటికి వచ్చి 1098కి నేనే ఫోను చేస్తాను, నా పేరు చెప్పే చేస్తాను. ఆ తర్వాత నాతో మాట్లాడరని తెలుసు, నీళ్ళ వంతు కాడ ఇబ్బంది పెడతారని కూడా తెలుసు.

మాతో వచ్చేవాళ్ళు ఆరున్నరకు బస్టాండు కాడ టీ అంగడి దగ్గర ఉండండి.